ఊపిరి బిగపట్టిన మీడియం

ఫిబ్రవరి 21

ఈ నోటుబుక్కు ఆసుపత్రిలో ఇచ్చారు. రోజూ ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేశానో రాసుకోవాలట. ముందు పేజీల్లో గళ్ళు గీసి ఉన్నాయి. నా సంగతి ఆ గళ్ళలో పట్టేది కాదు కాబట్టి వెనక పేజీ నుంచి రాస్తున్నాను. పుస్తకాన్ని వెనక నుంచి తెరిచేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ముందు నుంచి తెరిచేవాళ్ళు మాత్రం ఎవరున్నారులే.

సంగతేమిటంటే నా పొట్ట విడిపోయింది. పైకి కాదు, లోపల. పొట్ట మీద నిలువుగా రెండు కండరాలుంటాయట, చొక్కాకి రెండు ముందు ముక్కలున్నట్టు. గుండీలు పెట్టే చోట అవి కలుసుకోవాలి. మా దొరసాని కడుపులో కాళ్ళు చాపుకుని బతికినన్నాళ్ళూ అవి పక్కకి తప్పుకుని ఆవిడకి చోటిచ్చాయి. ఆవిడ బయటికొచ్చి ఆరు వారాలైంది. ఇవి మాత్రం ఇంకా మర్యాదగా తప్పుకునే నిలబడ్డాయి.

వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త ఎత్తమని, బొడ్డు పైన ఆ సందులో వేళ్ళు దించి చూసింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. ఐదు అంటుందేమోనని ఊపిరి బిగపట్టాను. "ఊపిరి వదలండి" అంది. ఈవిడ ప్రతి మాటకీ ముందొకసారి, వెనకొకసారి ఊపిరి వదలమంటుంది. అందుకే ఊపిరమ్మ అని పేరు పెట్టుకున్నాను.

పాప కన్నా బరువైనదేదీ ఎత్తకూడదు. పక్క మీద నుంచి తిన్నగా లేవకూడదు, పక్కకి దొర్లి లేవాలి. పొట్ట లోపలికి లాక్కుని తిరగకూడదు. ఈ చివరిది చెప్పేటప్పుడు నా మొహంలోకి చూసి మరీ చెప్పింది. నేను ఆ సమయంలో చేస్తున్న పని అదే.

ఫిబ్రవరి 22

చేశాను. అంటే మొదలుపెట్టాను. దొరసాని లేచింది.

ఫిబ్రవరి 25

మర్చిపోయి తిన్నగా లేచాను. పొట్ట మధ్యలో నిలువుగా ఒక గట్టు లేచింది. అత్తయ్య పాపకి లాలపోసే నీళ్ళు తెస్తూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటమ్మాయ్, పొట్టలోంచి ఇంకో పొట్ట లేస్తోంది?"

"దాన్నే తగ్గించుకోమన్నారత్తయ్యా."

"నాకూ ఉండేదిలే అలాంటిది. మీ ఆయన పుట్టాక."

"మరెలా తగ్గించుకున్నారు?"

"తగ్గిందని ఎవరన్నారు?" అని నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు.

మార్చి 2

కార్ఖానా నుంచి ఫోనొచ్చింది. ఏప్రిల్ ఒకటిన రమ్మన్నారు. పెద్ద ఆర్డరొచ్చిందట. ఊళ్ళో టికెట్ల కౌంటర్లలో కూర్చునే ఆడవాళ్ళందరికీ కొత్త యూనిఫారం ప్యాంట్లు.

రమ్మన్నది ఒక్క చెకింగు టేబులు పనికే అయితే నాకింత గుండెదడ ఉండేది కాదు. తొమ్మిదేళ్ళుగా మా కార్ఖానాలో మీడియం అంటే నేను. కటింగు మాస్టారు మొదటి ప్యాంటు కుట్టించి నాకు తొడిగించి చూస్తారు. నా మీద సరిపోతేనే మిగతా గుడ్డ మీద కత్తెర పడుతుంది. ఈ ఊళ్ళో నేనెరగని ఆడవాళ్ళు ఎంతమంది నా నడుముని మోసుకుని తిరుగుతున్నారో. పెళ్ళిచూపుల్లో కూడా నేను ఆ గర్వంతోనే కూర్చున్నాను.

కార్ఖానా కొలతల పుస్తకం ప్రకారం మీడియం నడుము ఇరవై తొమ్మిది. ఇవాళ టేపు పెట్టి చూసుకున్నాను. ముప్ఫై నాలుగు. టేపు పాతదైపోయింది, సాగి ఉంటుంది.

మార్చి 3

సాగిన టేపు తక్కువ చూపిస్తుంది కానీ ఎక్కువ చూపించదు. తొమ్మిదేళ్ళు బట్టల కార్ఖానాలో చేసినదాన్ని, ఇది నిన్న ఎందుకు తట్టలేదో.

మార్చి 10

కొలత ఇంట్లోనే వారానికోసారి చూసి రాయమంది ఊపిరమ్మ. నా వేళ్ళతో చూస్తే నాలుగు. పడుకుని తల ఎత్తి నా పొట్ట నేనే కొలుచుకుంటే సరిగ్గా రాదు. అత్తయ్యని అడిగితే ఆవిడ వేళ్ళు మరీ సన్నం, ఐదో వేలు కూడా దించబోయారు. వద్దన్నాను.

మా ఆయన పైపులు బిగించే పని చేస్తారు. ఆయన వేళ్ళు చేతివేళ్ళలా ఉండవు. ఆయన్ని కొలవమన్నాను.

"రెండున్నర" అన్నారు.

చూశావా, కొలిచేవాళ్ళు కొలిస్తే ఎంత తేడా వస్తుందో. గళ్ళలో రాసేశాను.

మార్చి 17

రెండు. (ఆయన.)

మార్చి 24

రెండు. ఊపిరమ్మ ముచ్చటపడిపోతుంది.

మార్చి 28

ముచ్చటపడలేదు. గళ్ళు చూసి, నన్ను పడుకోబెట్టి, వేళ్ళు దించి, "మూడున్నర" అంది.

"ఇంట్లో రెండే వచ్చిందండీ."

"ఎవరి వేళ్ళు?"

మా ఆయన బయట బెంచీ మీద పాపని ఎత్తుకుని కూర్చున్నారు. తలుపులోంచి ఆ చేతులు చూసింది. తర్వాత గళ్ళలో నేను రాసిన రెండున్నర, రెండు, రెండు మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, "మీ వేళ్ళతో మీరే చూసుకోండి. ఊపిరి వదలండి" అంది.

ఇంటికొచ్చేటప్పుడు మా ఆయన దారంతా తన చేతులు చూసుకుంటూ నడిచారు. పాపం, ఆయనకేం తెలుసు.

ఏప్రిల్ 1

మొదటిరోజు. బస్సులో కిటికీ పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ నన్ను చూడగానే లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. ఎన్నో నెల?"

కాదనాలి. పుట్టేసిందండీ, ఇంట్లో అత్తయ్య దగ్గరుందండీ అనాలి. బస్సులో సగంమంది వింటున్నారు. నడుము పీకుతోంది. సీటు ఖాళీగా ఉంది.

"ఏడు" అన్నాను.

ఆవిడ మెళ్ళో టికెట్ల కౌంటరు బ్యాడ్జి ఉంది. మేం కుట్టబోయే ప్యాంటు తొడుక్కునేది ఈవిడే. నా కొలతతో కుట్టినది ఈవిడ వేసుకుంటుంది కదా అనుకుంటే, అబద్ధమాడిన సిగ్గు కాస్త తగ్గింది.

ఏప్రిల్ 2

నేను లేనన్నాళ్ళూ ఫిట్టింగులన్నీ చెక్కమ్మ మీద చేశారట. చెక్కమ్మ అంటే మా డమ్మీ. తొమ్మిదేళ్ళ కిందట నా కొలతలతోనే చేయించారు. కాలికింద స్టాండు, మెడ మీద తల లేదు. నా పాత నడుము ఆవిడ దగ్గర భద్రంగా ఉంది. ఎదురుగా నిలబడితే పలకరించబుద్ధి కాలేదు.

గుండీలు కుట్టే అక్క, బటన్లక్క అంటాం, చెవిలో ఊదింది. "మాస్టారు ఇస్త్రీ టేబులు కొత్తమ్మాయిని రెండుసార్లు కొలిచారు. నువ్వు సరిపోకపోతే పనికొస్తుందని."

వ్యాయామం చెయ్యలేదు. ఇంటికొచ్చి టేపు పెడితే ముప్ఫై రెండు ఉన్నాను. మధ్యాహ్నం ముప్ఫై ఒకటి ఉండి ఉంటాను.

ఏప్రిల్ 6

ఫిట్టింగు అయింది. నెగ్గాను.

బాలింతలు కట్టుకునే పొట్ట బెల్టు లోపల బిగించాను. దాని పైన ఊపిరి బిగపట్టి పొట్టని పక్కటెముకల కిందికి తోసేశాను. అంత ఖాళీ అక్కడ ఉందని నాకే తెలీదు. మాస్టారు చెవి మీద చాక్‌పీసు పెట్టుకుని నా చుట్టూ తిరిగారు. నా ముందు ఆగి ఆశ్చర్యపోయారు.

"ముందువైపు కాస్త వదులైందే."

అర అంగుళం మడిచి గుండుసూదులు గుచ్చారు. మీడియం కన్నా అర అంగుళం తక్కువ! కొత్తమ్మాయి ఇస్త్రీ ఆపి చూస్తోంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి కాబట్టి ఊరుకున్నాను.

"ఎక్కడైనా పట్టేస్తోందామ్మా?"

తల అడ్డంగా ఊపాను.

"కూర్చుని చూశావా?"

కర్టెన్ వెనక బట్టలు మార్చుకునే చోట ఒక స్టూలు ఉంటుంది. దాని మీద కూర్చుని చూడటం నా పని. మాస్టారు అటు రారు కాబట్టి, ఆ ఒక్కటీ తొమ్మిదేళ్ళుగా నా మాట మీదే నమ్ముతారు.

తల నిలువుగా ఊపాను.

బటన్లక్క మాత్రం, "మొహమేంటే అలా కందిపోయింది?" అంది. ఉక్కగా ఉందన్నాను.

ఏప్రిల్ 7

నడుము పట్టేసింది. తుమ్మితే ప్రాణం పోయినంత పనవుతోంది. ఇది ఫిట్టింగు వల్ల కాదు, బస్సు కుదుపుల వల్ల.

ఏప్రిల్ 20

బస్సులో కళ్ళజోడావిడ. "ఇంకా ఏడేనా?"

"ఎనిమిది పడిందండీ."

"చెబితే తెలుస్తోంది. అంతే ఉంది పొట్ట."

ఈ లోకంలో నా పొట్ట పెరగలేదని బెంగపడిన మనిషి ఈవిడొక్కతే.

మే 9

ఊపిరమ్మ కొలిచింది. మూడున్నర. ఆరు వారాలుగా ఒక్క గీత కదల్లేదు.

"రోజంతా లాగిపట్టుకుంటున్నారా?"

"లేదండీ."

"బెల్టు?"

"లేదండీ."

లోపలికి లాగినకొద్దీ ఆ బరువు పైకీ కిందికీ తంతుందట, కండరాలకి పని నేర్పదట. "మీ పొట్ట మీరు చెప్పింది వినాలంటే, ముందు దాన్ని ఊపిరి పీల్చనివ్వాలి" అంది. ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, నేను అబద్ధమాడానని ఆవిడకి తెలుసని అర్థమైంది. బెల్టు అప్పుడు నా చేతిసంచిలో ఉంది.

మే 22

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కళ్ళజోడావిడ కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. కొత్త యూనిఫారం. నీలం ప్యాంటు. నడుము పట్టీ కుట్టు చూడగానే పోల్చుకున్నాను, మా టేబుల్ మీద నా చేతుల మీదుగా వెళ్ళినదే.

"కూర్చోండి" అన్నాను.

"నువ్వు కూర్చోమ్మా. నేను కూర్చోలేను. ఈ మాయదారి ప్యాంటు నిలబడితే బానే ఉంటుంది. కూర్చుంటే పొట్టని రెండుగా కోసేస్తుంది. లార్జే ఇచ్చారు నాకు. కౌంటర్లో అందరం గుండీ విప్పుకుని, పైన చొక్కా దించుకుని టికెట్లు ఇస్తున్నాం. మా పనేమో పొద్దస్తమానం కూర్చోవడమాయె."

నేను చేతిసంచిని పొట్టకి అడ్డం పెట్టుకున్నాను.

"ఎవతి మీద కొలిచారో గానీ, దానికి ఊపిరి పీల్చే అలవాటు లేనట్టుంది" అంది.

బస్సులో నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే బెల్టు గుచ్చుకుంది.

మే 23

వ్యాయామం చెయ్యలేదు.

మే 24

ఎవరూ నన్ను అడగలేదు. ఎవరూ అడగకపోతే చెప్పడం ఎందుకు? ప్యాంట్లు చిన్నవైపోతే మాస్టారు గీసిన గీత తప్పంటారు. గుడ్డ ముడుచుకుందంటారు. తడిపితే ముడుచుకునే గుడ్డలు ఉంటాయి కదా.

ఇది రాసి పొద్దున్నుంచి నాలుగుసార్లు చదువుకున్నాను. నా రాతే, కానీ ఇది రాసిన మనిషి మా ఇంటికొస్తే కుర్చీ వెయ్యను.

మే 25

ప్యాంట్లన్నీ వెనక్కొచ్చాయి. కటింగు టేబుల్ మీద నీలంగా గుట్ట. మాస్టారు ఆ గుట్ట ముందు తన అట్ట ముక్కలు పరుచుకుని, ఒక్కొక్కటీ స్కేలు పెట్టి కొలుస్తున్నారు. పొద్దున్నుంచీ ఇదే పనట. కొలిచిందే కొలుస్తున్నారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలుస్తున్నారు.

బటన్లక్క చెప్పింది. "కళ్ళు పోతున్నాయేమో, ఇక కత్తెర దించేస్తా అంటున్నారే."

నలభై ఏళ్ళ కత్తెర. నా పొట్ట మూలంగా ఆ మనిషి తన కళ్ళని అనుమానించుకుంటున్నాడు. నాకు సిగ్గు వేసింది. ఇన్నాళ్ళూ పొట్ట చూసుకుని పడింది సిగ్గు కాదని అప్పుడు తెలిసింది. అదంతా ఉత్త షోకే.

వెళ్ళి నిలబడ్డాను.

"మాస్టారూ, మీ గీత తప్పు కాదు. ఆ రోజు నేను కూర్చోలేదు."

ఆయన స్కేలు కింద పెట్టారు.

"ఊపిరి కూడా బిగపట్టాను. లోపల బెల్టు ఉంది. మీరు మడిచిన అర అంగుళం నాది కాదు, బెల్టుది."

"ఎందుకమ్మా?"

"మీడియం నుంచి తీసేస్తారని."

ఆయన నా వైపు చూడకుండా మూల నిలబడ్డ చెక్కమ్మని చూశారు.

"ఊపిరి పీల్చని మనిషి కావాలంటే నాకు అది ఉందిగా" అన్నారు. "నిన్ను పెట్టుకుంది నోరు విప్పి చెబుతావని. తొమ్మిదేళ్ళు నీ నోటిని నమ్మి గుడ్డ కోశాను, నీ నడుముని నమ్మి కాదు."

అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. కార్ఖానా మధ్యలో నిలబడి ఏడ్చాను. ఏడుస్తుంటే పొట్ట ఎలా పడితే అలా ఎగిరింది. ఎవరు చూశారో నేను చూసుకోలేదు.

"వెళ్ళి ఆ బెల్టు తీసిరా" అన్నారు.

తీసొచ్చాను. టేపు చుట్టి, "వదులు" అన్నారు. వదిలాను. "ముప్ఫై ఒకటిన్నర" అని గుడ్డ పొడవు చదివినట్టు పైకే చదివారు. స్టూలు కర్టెన్ వెనక నుంచి టేబుల్ ముందుకి తెప్పించి కూర్చోమన్నారు. కూర్చున్నాను. "ముప్ఫై మూడున్నర." చాక్‌తో అట్ట మీద రాసుకున్నారు. కొత్తమ్మాయి చూస్తోంది, బటన్లక్క చూస్తోంది. అంతకుమించి ఏమీ అవలేదు. పైకప్పు ఊడిపడలేదు.

మే 26 నుంచి జూన్ 12 దాకా

పట్టీలు విప్పడం. రోజుకి ఇరవై. లోపల కుట్టు దగ్గర వదిలిన గుడ్డ ఉండబట్టి బతికిపోయాం, వెనక ఒకటిన్నర అంగుళం వదలొచ్చు. నేనే చేస్తానన్నాను. బటన్లక్క గుండీలన్నీ మళ్ళీ కుడుతూ, "ఒక్క తుమ్ము తుమ్మి ఉంటే ఆ రోజే తేలిపోయేది కదే" అని గుండీకోసారి అంది. పడ్డాను. పడాల్సినదే.

బెల్టు కట్టట్లేదు. వ్యాయామం: మధ్యాహ్నం అన్నాల వేళ గుడ్డల తానుల వెనక చాప వేసుకుని. గళ్ళు నిండుతున్నాయి.

జూన్ 20

మాస్టారు పిలిచారు. మీడియంకి ఇక నుంచి కొత్తమ్మాయి. అనుకున్నదే. అయినా తొమ్మిదేళ్ళు.

"నువ్వు పెద్ద సైజుకి నిలబడాలి" అన్నారు.

"దానికి మనిషెప్పుడూ లేదుగా మాస్టారూ."

"లేదు. మీడియం మీద అన్ని వైపులా రెండంగుళాలు కలిపి గీసేసేవాణ్ణి. ఆ రెండంగుళాల్లో పొట్ట ఎక్కడుంటుందో నలభై ఏళ్ళలో నేనెప్పుడూ చూళ్ళేదు. అందరికీ చుట్టూ సమానంగా ఉండదు కదమ్మా."

పుస్తకంలో పెద్ద సైజు ముప్ఫై రెండు. నాకింకా అర అంగుళం తక్కువే. నిలబెట్టారు. చుట్టూ తిరిగారు. "పట్టేస్తోందా?" అన్నారు.

"ముందు పట్టేస్తోంది. బొడ్డు కింద. కూర్చుంటే ఇంకా. తొడ దగ్గర అక్కర్లేని గుడ్డ ఉంది" అన్నాను. ఇంకా చాలా చెప్పాను. "కాస్త ఆగు, రాసుకోనీ" అన్నారు.

ఇంటికెళ్ళి మా ఆయనతో, "నాకు సైజు పెరిగిందండీ" అన్నాను. ఆయన జీతం అనుకుని స్వీట్లు తెచ్చారు. తినేశాక చెప్పాను.

జూలై 4

ఊపిరమ్మ కొలవకముందే నేనే చెప్పాను. బెల్టు సంగతి, బిగపట్టిన సంగతి, లేదండీ లేదండీ సంగతి. ఆవిడ రాసుకోలేదు, తిట్టలేదు. "చూద్దాం" అంది.

"ముందు నేను చూస్తానండీ" అన్నాను.

పడుకుని, మోకాళ్ళు మడిచి, ఊపిరి వదిలి, తల ఎత్తి, నా వేళ్ళు దించాను. చూపుడువేలు, మధ్యవేలు. ఉంగరం వేలు దిగలేదు. సగం దిగింది. పోనీ, సగం దిగింది.

రెండున్నర. నావి.

ఇది పూర్తిగా కలుస్తుందో లేదో చెప్పలేనంది. ఒక వేలు మిగిలిపోవచ్చట. మిగిలినా పని చేస్తుందంది. సరే అన్నాను. నిజంగా సరే అన్నానా అంటే, ఇంటికొచ్చే దాకా ఆ ఒక్క వేలూ బాధపెట్టింది. తర్వాత దొరసాని ఎత్తుకోమంది.

జూలై 10

దొరసానికి ఆరు నెలలు. నేను బస్సులో చెప్పిన లెక్క ప్రకారం నాకు ఇప్పుడు పదో నెల. ఏనుగులకే ఇలా ఉంటుంది. ఆ సిగ్గుతోనే ఏడు వారాలుగా ముందు బస్సుకి పోతున్నాను. ఇవాళ తప్పిపోయింది.

కళ్ళజోడావిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. కూర్చుని. నీలం ప్యాంటు, గుండీ పెట్టుకునే ఉంది. ఒళ్ళో సంచి పెట్టుకుని హాయిగా బయటికి చూస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"లేవకండి. నాకిప్పుడు ఏ నెలా కాదు. అప్పుడూ కాదు. పాప పుట్టాకే మిమ్మల్ని మొదట చూశాను. సీటు కోసం ఏడు అన్నాను" అన్నాను.

ఆవిడ నోరు తెరిచి చూస్తోంది. ఎలాగూ మొదలుపెట్టాను కదా అని మిగతాదీ చెప్పేశాను.

"ఆ ప్యాంటు కొలత కూడా నా మీదే తీసుకున్నారండీ. మీరన్న ఊపిరి పీల్చే అలవాటు లేని మనిషి నేనే."

రెండు స్టాపులు దాటాయి. ఆవిడ నా మొహం చూసింది, నా పొట్ట చూసింది, తన ప్యాంటు చూసుకుంది. మళ్ళీ నా పొట్ట చూసింది. నేను లాక్కోలేదు. లాక్కోకుండా అలా నిలబడటం ఇన్ని నెలల వ్యాయామంలో అన్నింటికన్నా కష్టమైనది.

"ఇప్పుడు పీలుస్తున్నావా?" అంది.

"పీలుస్తున్నానండీ."

"అయితే కూర్చో" అని కిటికీ వైపు జరిగింది.

నేనూ నా పొట్టా కూర్చున్నాం.